ఇరవైరెండో పుస్తకం

స్టాఫ్ క్వార్టర్సు, నాలుగో నంబరు
జూన్ 12

అత్తయ్యా,

మొన్న ఫోన్‌లో మోకాలెలా ఉందని అడిగితే "ఆఁ, వానాకాలమే" అన్నావు. ఇక ఫోన్‌తో లాభం లేదని కాగితం తీశాను. నీ చెవుల సంగతి డాక్టరు చూసుకుంటాడు, నువ్వు జవాబు మాత్రం రాయి.

ఇక్కడొక పని నా నెత్తిన పడింది. వచ్చే ఫిబ్రవరికి మన కాలేజీకి అరవై ఏళ్ళు నిండుతాయి. ప్రిన్సిపాల్ ఫాదర్ నిన్న నన్ను పిలిచి కూర్చోబెట్టి, "హిస్టరీ చెప్పేది మీరే, రాసేదీ మీరే" అని చాపెల్ మెట్ల కింద గది తాళంచెవి చేతిలో పెట్టారు. ఆ గది నీకు తెలిసే ఉంటుంది. విరిగిన మైకు, కొవ్వొత్తుల పెట్టెలు, మొదటి రెక్టర్ ఫాదర్ పటం. తలుపు తెరవగానే మూడుసార్లు తుమ్మాను.

లోపల నిధి ఉందత్తయ్యా! ఈ ఫాదర్లకి ఒక నియమం ఉందట. తాముండే ఇంట్లో, కాలేజీలో ఏ రోజు ఏం జరిగిందో పెద్దగా ఉండే రెక్టర్ ఫాదర్ రాసిపెట్టాలి. దినచర్య అంటారట, ఏడాదికొక పుస్తకం. గోధుమరంగు కాలికో గుడ్డ అట్ట, వీపు మీద తెల్ల సిరాతో అంకె. వాన పడిందా, ఎవరికి జ్వరం వచ్చింది, బావి తవ్వితే ఎన్ని అడుగులకి నీళ్ళు పడ్డాయి, అన్నీ ఉన్నాయి.

ఇరవై ఒకటి ఉంది. ఇరవై మూడు ఉంది. ఇరవైరెండు లేదు.

పదేళ్ళ కిందట వేసిన స్వర్ణోత్సవ సంచికలో ఆ ఏడాదికి రెండే వాక్యాలు: "రసాయనశాలలో స్వల్ప అగ్నిప్రమాదము సంభవించినది. దైవకృపచే ఎవరికిని హాని కలుగలేదు." నువ్వు లైబ్రరీలో చేరింది ఆ ఏడే కదా. ఏం జరిగింది?

అన్నట్టు ప్రిన్సిపాల్ ఫాదరే అన్నారు, "ఆ ఏడాది సంగతి మీ అత్తయ్యగారికి తెలుస్తుంది, ఉత్తరాలు రాస్తుంటారా?" అని. నువ్వు నా మేనత్తవని నేనెప్పుడూ ఆయనకి చెప్పినట్టు గుర్తులేదు.

నీ
కోడలు

---

కొండవాలు వీధి, పై వాటా
జూన్ 20

ఒసే కోడలుపిల్లా,

మోకాలు బాగానే ఉంది, మెట్లే బాగాలేవు. చెవులకేం, అనవసరమైనవి వినపడకపోవడం కూడా ఒక సుఖమే.

చరిత్ర రాస్తున్నావా! అయితే రాసుకో. మొదటి క్లాసు జరిగింది ఇప్పుడున్న బిల్డింగులో కాదు, రైల్వే గేటు పక్క గోడౌనులో. పదకొండు మంది పిల్లలు, నలుగురు ఫాదర్లు. రైలు వచ్చినప్పుడల్లా పాఠం ఆపేవాళ్ళట. ప్రహరీగోడ సగం కట్టింది మేస్త్రీలు కారు, శనివారం శనివారం విద్యార్థులే కట్టారు. అందుకే హాస్టల్ వెనకాల గోడ పాములా వంకర్లు తిరిగి ఉంటుంది, చూడు. నేను చేరినప్పటి రెక్టర్‌ని అందరం గడియారం ఫాదర్ అనేవాళ్ళం. ఆయన వరండాలో నడుస్తుంటే వాచీలు సరిచేసుకునేవాళ్ళు. ఏ ఒక్కరికీ ఒక్క నిమిషం ఎక్కువ ఇవ్వలేదు, ఒక్క నిమిషం తక్కువా ఇవ్వలేదు. ఇవన్నీ రాయి, చదివేవాళ్ళు నవ్వుకుంటారు.

ఇరవైరెండో పుస్తకం చెదలు తిన్నాయి. నేనుండగానే. దాని గురించి వెతికి టైము పాడుచేసుకోకు. మంట సంగతంటావా, రెండు బెంచీలు, ఒక కర్టెన్. సంచికలో రాసింది చాలు.

ప్రిన్సిపాల్ నా గురించి ఎందుకు అడిగాడు? సరిగ్గా ఏ మాటలతో అడిగాడో అలాగే రాయి. నీ సొంత మాటలు కలపకు.

అత్తయ్య

---

స్టాఫ్ క్వార్టర్సు
జులై 3

అత్తయ్యా,

నీ గోడౌను, నీ గడియారం ఫాదర్ నేరుగా మొదటి అధ్యాయంలోకి వెళ్ళిపోయారు. వంకరగోడ కూడా చూసొచ్చాను.

చెదల సంగతే మింగుడుపడటం లేదు. ఇరవై ఒకటికి, ఇరవై మూడుకి అట్ట మీద గీత కూడా లేదు. చెక్క అరకి చిల్లు లేదు. రెండు పుస్తకాల మధ్యలో ఉన్నదాన్ని ఒక్కదాన్నే తిని, మర్యాదగా చేతులు కడుక్కుని వెళ్ళిపోయే చెదల్ని నేనింతవరకు చూడలేదు.

ఇంకో మాట. నీ ఉత్తరం విప్పబోతే కవరు మడత గట్టిగా, బిరుసుగా ఉంది. నువ్వు గమ్ముతో అంటిస్తావు, ఇది మైదా జిగురు. ఎవరో విప్పి, చదివి, మళ్ళీ అంటించారు. ఇక్కడ ఉత్తరాలన్నీ ముందు ప్రిన్సిపాల్ ఆఫీసుకి వెళతాయి, అక్కణ్ణుంచి లైబ్రరీ బల్ల మీదికి వస్తాయి. ఆఫీసులో ఎవరినని అనుమానించను? ఈ మాట పైకి అనకుండా ఊరుకున్నాను.

ప్రిన్సిపాల్ అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నా: "ఆ ఏడాది సంగతి మీ అత్తయ్యగారికి తెలుస్తుంది. ఉత్తరాలు రాస్తుంటారా?" అంతే. అది జూన్‌లో. నిన్న మళ్ళీ వరండాలో ఆపి, "జవాబొచ్చిందా?" అన్నారు. వచ్చిందన్నాను. "ఏమన్నారు?" "చెదలు తిన్నాయన్నారు ఫాదర్." ఆయన కాసేపు నేల చూసి, "అలా అన్నారా" అని వెళ్ళిపోయారు. నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. చెదలు తినలేదని ఆయనకి ముందే తెలుసు. ఎలా తెలుసు?

లైబ్రరీలో ఈమధ్య నాకు తోడు బైండరమ్మ. వెనక గదిలో ప్రెస్సు తిప్పుకుంటూ పాత పుస్తకాలకి కొత్త అట్టలు వేస్తుంటుంది. నువ్వుండగా ఆమె రాలేదనుకుంటా, వచ్చి రెండేళ్ళే అయింది. మాట తక్కువ. ఈ ఊళ్ళో మాట తక్కువ మనుషులు నాకీమధ్య ఎక్కువగా తగులుతున్నారు. నువ్వు కూడా.

కోడలు

---

కొండవాలు వీధి
జులై 11

అమ్మాయీ,

నేరుగా అడుగుతున్నా, నేరుగా చెప్పు. ఈ ప్రశ్నలు నువ్వు అడుగుతున్నావా, ఆయన అడిగిస్తున్నాడా?

నీకు హిస్టరీ రాసే పని ఇవ్వడానికి ఆ కాలేజీలో నీకన్నా సీనియర్లు ఇద్దరున్నారు. నిన్నే ఎందుకు పిలిచాడో ఆలోచించావా? తాళంచెవి నీ చేతిలో పెట్టింది నీ తెలివి చూసి కాదు, నీ చుట్టరికం చూసి.

పుస్తకం లేదు. లేనిది నేను తేలేను. ఇక ఆ ఏడాది మాట ఎత్తకు. నా ఉత్తరాలు విప్పి చదివేవాళ్ళు ఈ ముక్క కూడా చదువుకోవచ్చు, నాకేం సిగ్గులేదు.

ఒంట్లో బాగోలేదు.

అత్తయ్య

---

స్టాఫ్ క్వార్టర్సు
ఆగస్టు 19

అత్తయ్యా,

నెలపైన అయింది ఈ ఉత్తరం రాద్దామా వద్దా అని. ఒంట్లో బాగోలేదన్నావని ఊరుకున్నాను. పక్కింటావిడకి ఫోన్ చేస్తే నువ్వు రోజూ కొండమలుపు దాకా నడిచొస్తున్నావంది. అందుకని రాస్తున్నాను.

నీ దగ్గర నేనొకటి దాచాను. చెదల సంగతి నేను నమ్మకపోవడానికి కారణం చెక్క అర కాదు. లైబ్రరీలో బైండింగుకి వెళ్ళే పుస్తకాల రిజిస్టరుంది. నువ్వు రిటైరయ్యే వారంలో చివరి ఎంట్రీ: "దినచర్య, 22. బైండింగు నిమిత్తం తీసుకొనబడినది." కింద నీ సంతకం. తిరిగొచ్చిన తేదీ గడి ఖాళీ. జూన్‌లోనే చూశాను. నువ్వే చెబుతావేమోనని చూశాను.

ఇప్పుడు మిగతాది. పాత ఫైళ్ళలో ఒక అటెండర్‌ని తీసేసిన ఆర్డరు దొరికింది. కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరు. అందరూ సీసాల మేస్త్రీ అనేవాళ్ళట. పదహారేళ్ళ సర్వీసు. స్పిరిట్ దీపం ఆర్పకుండా వెళ్ళి మంటకు కారణమయ్యాడని ఒకటో నేరం. తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఒక అమాయక విద్యార్థి మీద అబద్ధం చెప్పాడని రెండో నేరం. ఆ మధ్యాహ్నం బయట రోడ్డు మీంచి, ల్యాబ్ కిటికీ దగ్గర ఒక విద్యార్థి ఒంటరిగా నిలబడి ఉండటం చూశానన్నాడట. విచారించగా ఆ విద్యార్థి ఒంటిగంట నుంచి మూడింటి దాకా లైబ్రరీ రీడింగు రూములో ఉన్నట్టు రిజిస్టరు వల్ల రుజువైనదట. పేరు లేదు, రోల్ నంబరు నూట పద్నాలుగు.

అడ్మిషన్ పుస్తకం తీశాను. నూట పద్నాలుగు ఎవరో తెలుసా? తెలిసే ఉంటుంది. ఇప్పుడు నా జీతం బిల్లు మీద సంతకం పెట్టే మనిషి. మా ప్రిన్సిపాల్ ఫాదర్.

ఆయన ఆ పుస్తకం కోసం ఎందుకు వెంపర్లాడుతున్నారో ఇప్పుడర్థమైంది. అది దొరికితే పొయ్యిలోకే. నాకర్థం కానిది నీ సంగతే. నువ్వెందుకు దాచావు? ఆయన్ని కాపాడటానికా? ఆయన నీకేమవుతాడు?

ఒక హెచ్చరిక. వచ్చే శనివారం ఆయన మీ ఊరు వస్తున్నారు, ఆఫీసులో టికెట్ కొనడం విన్నాను. నిన్ను చూడ్డానికే. పుస్తకం నీ దగ్గరుంటే వేరే ఎక్కడైనా పెట్టు. తలుపు తియ్యకు.

కోడలు

---

కొండవాలు వీధి
ఆగస్టు 27

అమ్మాయీ,

వచ్చాడు. పొద్దున పదింటికి. నువ్వు చెప్పినట్టే తలుపు గడియపెట్టి కూర్చున్నాను. కిటికీ దగ్గరకొచ్చి, "లైబ్రరీ అక్కా, నేను" అన్నాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఎలా పిలిచేవాడో అలాగే. జుట్టు మాత్రం తెల్లబడింది.

"పుస్తకం లేదు" అన్నాను.

"ఉందక్కా. లేకపోతే ఏ పుస్తకం అని అడిగేవారు."

తలుపు తీశాను. ఏం చెయ్యమంటావు, అరవై ఒక్కేళ్ళొచ్చాయి, అబద్ధానికి కూడా ఓపిక కావాలి.

కూర్చోమంటే కూర్చోలేదు. "దాన్ని నా చేతికివ్వద్దు. నేను పట్టుకెళితే రేపు పేజీ చింపానంటారు. మీరే తీసుకురండి" అన్నాడు. నువ్వు రాసే పుస్తకానికి ముందుమాట రాసుకొచ్చాడు, చదివి వినిపించాడు. ఆ రోజు దీపం వెలిగించింది తనేనట. ప్రాక్టికల్ తప్పినందుకు సిగ్గుపడి, ఎవరూ లేనప్పుడు మళ్ళీ చేసుకుందామని వెళ్ళాడట. గంట వినపడి ఆర్పకుండా పరిగెత్తాడట. ఆ సాయంత్రమే గడియారం ఫాదర్ దగ్గరికెళ్ళి ఒప్పుకున్నాడట. "నువ్వు నోరెత్తకు, మేస్త్రీకి వేరేచోట పని చూస్తాం" అని ఆయన వారం తిరక్కుండా ఇతన్ని సెమినరీకి పంపేశాడు.

"ముప్పై ఎనిమిదేళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావు?" అన్నాను.

"భయం అక్కా. మొదట ఆయనంటే. ఆయన పోయాక, నేనంటే."

"ఇప్పుడు నీ ముందుమాట ఉందిగా, పుస్తకమెందుకు?"

"నా ఒక్కడి మాటైతే, వయసు మీద పడి ఏదో పాపభీతిలే అంటారు. మేస్త్రీ ఆ టైముకి క్యాంపస్‌లోనే లేడని దినచర్యలో తన చేత్తో రాశానని ఆయనే నాతో అన్నారు. అది కావాలి."

ఇంతవరకూ ఇతను చెప్పింది. ఇక నేను చెప్పాల్సింది. మూడు కాగితాలు చింపి నాలుగోది రాస్తున్నాను.

మంట లేచిన నెలకి యూనివర్సిటీ వాళ్ళు తనిఖీకి రావాల్సి ఉంది. ఒక విద్యార్థి ఎవరూ లేకుండా ల్యాబ్‌లో ఉన్నాడంటే సైన్సు కోర్సులే పోయేవి. నేను చేరి ఐదు నెలలు, టెంపరరీ పోస్టు. మర్నాడు గడియారం ఫాదర్ లైబ్రరీకి వచ్చారు. రీడింగు రూము రిజిస్టరు నా ముందు పెట్టి, "ఇక్కడ ఒక లైను ఖాళీ ఉందమ్మా" అన్నారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువనలేదు. ఏ పేరు, ఏ టైము అనేది చీటీ మీద రాసి ఇచ్చారు. నేను రాశాను. సిరా రంగు తేడా రాకూడదని ముందురోజు వాడిన సీసా వెతికి మరీ రాశాను. అది నన్నెవరూ చెయ్యమనలేదు. నా బుద్ధే. తర్వాతి నెలలో నాకు పర్మనెంటయింది.

మేస్త్రీ రెండు పెట్టెలు, ఒక పరుపుచుట్ట బండి మీద వేసుకుని గేటు దాటడం లైబ్రరీ కిటికీలోంచి చూశాను. భార్య వెనక నడుస్తోంది. ఎనిమిదేళ్ళ పిల్ల బండి మీద కూర్చుంది.

రిటైరయ్యే ముందు ఆ గది సర్దుతుంటే పుస్తకం చదివాను. ఆ పెద్దమనిషి అన్నీ రాశాడు. అందులో నేనూ ఉన్నాను. కాల్చేద్దామని తెచ్చుకున్నాను. కాల్చలేకపోయాను. తిరిగి పెట్టలేకపోయాను. మూడేళ్ళుగా ట్రంకులో దుప్పట్ల కింద ఉంది.

వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, "రిజిస్టరులో నా పేరు రాసింది మీరని నాకు తెలుసు. నా ముందుమాటలో అది రాయలేదు. అది నాది కాదు, మీది" అన్నాడు ప్రిన్సిపాల్.

ఇది చదివి చించెయ్. నేనొచ్చేదాకా ఎవరికీ చెప్పకు. ఎప్పుడొస్తానో అడగకు.

అత్తయ్య

---

స్టాఫ్ క్వార్టర్సు
సెప్టెంబరు 9

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. చించలేదు.

మీ ఉద్యోగం నీడన చదువుకున్నదాన్ని. నాన్న పోయాక నన్ను హాస్టల్లో చేర్చింది మీరు, ఈ కాలేజీలో ఈ కుర్చీ దాకా నడిపించింది మీరు. నాకు పాఠం చెప్పే అర్హత ఉందో లేదో కూడా ఇప్పుడు తెలియడం లేదు. కాబట్టి చెప్పను. జరిగింది మాత్రం రాస్తాను.

ప్రిన్సిపాల్ ఫాదర్ మీద అనుమానంతో ఇన్నాళ్ళూ ఆయన కళ్ళలోకి చూసి మాట్లాడలేదు. ఉత్తరాలు విప్పేది ఆయనేననుకున్నాను. కాదు.

మీ చివరి ఉత్తరానికీ మైదా జిగురే ఉంది. ఇంకా తడి ఆరలేదు. తడి జిగురు ఆఫీసు నుంచి నడిచి రాదు కదా. నేరుగా వెనక గదికి వెళ్ళాను. బైండరమ్మ ప్రెస్సు దగ్గర నిలబడి ఉంది. కవరు ముందుపెట్టి, "ఇది మీరు అంటించారా?" అన్నాను.

"అవును" అంది. "అన్నీ నేనే."

"ఎందుకు?"

"మీరు రాసే పుస్తకంలో మా నాన్న ఉన్నాడో లేడో చూద్దామని."

అత్తయ్యగారూ, బండి మీద కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్ల ఆమె. పట్నంలో పెద్ద ప్రెస్సులో మంచి పని వదులుకుని రెండేళ్ళ కిందట ఇక్కడికి వచ్చింది. ఎందుకో తెలుసా? బైండరుకైతే ఏ పుస్తకాన్నయినా విప్పి చూసే వీలుంటుందని. ఈ లైబ్రరీలో నాలుగు వేల పుస్తకాలు విప్పి కుట్టింది. వాళ్ళ నాన్న గురించి ఎక్కడో ఒకచోట ఒక్క మాటైనా ఉంటుందని వెతుకుతోంది. దినచర్య పుస్తకాల సంగతి ఆమెకి నా మొదటి ఉత్తరం జవాబు చదివాకే తెలిసిందట.

సీసాల మేస్త్రీ బతికే ఉన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు. మార్కెట్టు వెనక లైను ఇళ్ళలో, కూతురి దగ్గర. ఎండాకాలం నుంచి రెండుసార్లు పడ్డాడు. డాక్టరు చెప్పిన లెక్క వారాల్లో ఉంది.

మీ ఉత్తరం ఆమె నాకన్నా ముందు చదివింది. వాళ్ళ నాన్నకి చెప్పారా అని అడిగాను. "ఆ టైముకి క్యాంపస్‌లో లేడని ఫాదరే రాసిన కాగితం దొరికిందని చెప్పా. రిజిస్టరు సంగతి చెప్పలా. అది నేను చెప్పే మాట కాదు" అంది. కోపంగా కూడా అనలేదు. దారం మైనానికి రాస్తూ అంది.

పుస్తకం పోస్టులో పంపకండి.

ఇట్లు,
మీ మేనకోడలు

---

కొండవాలు వీధి
సెప్టెంబరు 21

అమ్మాయీ,

నన్ను మీరు అన్నావు. ఉత్తరమంతా వెతికాను, ఎక్కడైనా ఒక్క నువ్వు జారిపడి ఉంటుందేమోనని. లేదు. సరే.

గురువారం వచ్చాను. నీ గుమ్మం తొక్కకుండా వెళ్ళానని తెలిసే ఉంటుంది. ముందు నీ దగ్గరికొస్తే నువ్వు కాఫీ ఇస్తావు, కాఫీ తాగితే నేను మాట్లాడతాను, మాట్లాడితే వెనక్కి బస్సెక్కేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకని పుస్తకమున్న సంచితో బస్టాండు నుంచి నేరుగా మార్కెట్టు వెనక్కి వెళ్ళాను.

ముందు గది అంతా అట్టలు, దారపుండలు, బరువు కింద పెట్టిన పుస్తకాలు. కిటికీ పక్కన మంచం. అతను దిండుకి ఆనుకుని దారం చిక్కులు తీస్తున్నాడు. వేళ్ళు వణుకుతున్నాయి కానీ చిక్కు వస్తోంది. నన్ను చూసి, "పుస్తకాలమ్మవి కదూ! కూర్చో" అన్నాడు. చూపు, చెవులు నాకన్నా నయం. కూతురు వాకిట్లోకి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

నేనేం చేశానో చెప్పుకోలేదు. కాగితం దొరికిందటగా, చదవడానికి వచ్చానన్నాను. అక్కడికీ దొంగబుద్ధి పోలేదు చూడు. నేనున్న ఆ ఒక్క వాక్యం దగ్గర గొంతు తగ్గించి చదివేద్దామని దారిలోనే అనుకున్నాను.

చదివాను. "రసాయనశాల అటెండరును పదకొండు గంటలకు నేనే స్టేషనుకు పంపితిని, గాజుసామాను పెట్టె విడిపించుకొని వచ్చుటకు. మంట లేచినప్పుడతడు ఆవరణలో లేడు. అతని దోషమేమియు లేదు."

"ఆగు" అన్నాడు. "మళ్ళీ."

మళ్ళీ చదివాను. మూడోసారీ అడిగాడు. దారం పక్కన పెట్టేశాడు.

"మా ఆవిడకీ మాట ఎన్ని వేలసార్లు చెప్పానో. నమ్మలేదు. ఫాదర్ అబద్ధమాడతాడా అనేది. పోయేరోజు కూడా అడిగింది, ఇప్పటికైనా చెప్పు, దీపం ఆర్పడం మర్చిపోయావా అని. పోయేమనిషితో గొడవెందుకు! ఆఁ, మర్చిపోయానే అన్నా. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, పర్లేదులే అంది."

దారం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, "చదువు, ఇంకేముంది" అన్నాడు.

"విద్యార్థిని రక్షించుట కర్తవ్యమని తోచినది. గ్రంథాలయ జూనియరు ఒకరు రిజిస్టరులో అవసరమైన పంక్తి చేర్చుటకు సమ్మతించిరి." గొంతు తగ్గిద్దామనుకున్నాను గాని, గుమ్మంలో ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి. ఆమెకి తెలుసు. నేను చెబుతానా లేదా అని చూస్తోంది. వాక్యం ఉన్నదున్నట్టు చదివాను.

"పంక్తి అంటే?"

"లైను. ఆ అబ్బాయి లైబ్రరీలో ఉన్నట్టు రాసిన లైను."

"ఓహో. అదా!" లేచి కూర్చోబోయాడు. కూతురు రాబోతే చేత్తో ఆపాడు. "పని పోయిందని నేనేడవలేదమ్మా. చేతిలో పనున్నోణ్ణి, ఎక్కడైనా బతుకుతాను. కానీ స్టేషన్నించి తిరిగొస్తూ రోడ్డు మీంచి ఆ కుర్రాణ్ణి కిటికీ కాడ చూశానంటే, అబద్ధాలకోరువిరా అన్నారు అందరి ముందూ. పుస్తకంలో రాసుందన్నారు. పుస్తకంలో రాసుంటే నేను చూసింది కూడా అబద్ధమేనేమో అని నాకే అనుమానమొచ్చేది ఒక్కోరోజు." కాసేపు ఊపిరి తీసుకుని అడిగాడు, "ఎవరా జూనియరు?"

"నేనే" అన్నాను.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చాలాసేపు చూశాడు. అది కోపం కాదు. నా ముఖంలో ఆనాటి పిల్లని వెతుక్కుంటున్నట్టు చూశాడు. "నీకు ఎత్తైన అరల్లో పుస్తకాలు అందకపోతే ల్యాబ్ స్టూలు తెచ్చిచ్చేవాణ్ణి" అన్నాడు. నిజమే. నేను మర్చిపోయాను, అతను మర్చిపోలేదు.

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది నాకు చాతనవుతుందో లేదో తెలీదు. అది తర్వాత. ముందు మళ్ళీ మొదట్నుంచి చదువు. ఆ జూనియరు ఒకరు అన్నచోట నీ పేరు పెట్టి చదువు."

పెట్టి చదివాను. అతను ఆగమనలేదు. అయ్యేదాకా విన్నాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. కూతురు వచ్చి నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది, వీపు కుట్టు వదులైందని చూసుకుంది, తన బల్ల మీద పెట్టుకుంది. నేను ఇవ్వలేదు, ఆమె అడగలేదు. అది ఆమె దగ్గర ఉంది. అచ్చుకి కావలసిన పేజీలు ఆమెనే అడుగు.

నీ పుస్తకంలో "జూనియరు ఒకరు" అని వెయ్యకు. నా పేరు వెయ్యి. ఇంటిపేరుతో సహా. పెళ్ళి చేసుకోనిదాన్ని, అది మారలేదు, నీదీ అదే. చదివినవాళ్ళందరూ ఆ పేరు చూసి, అట్ట మీద నీ పేరు చూసి, మీరిద్దరూ ఏమవుతారని అడుగుతారు.

తెలిసే చెబుతున్నాను.

అత్తయ్య